స్టాండర్డ్ హెరాల్డ్ ఛాసిస్ కోసి స్పిట్‌ఫైర్ కట్టొచ్చా?

వైనతేయ_రేవు

రాజోలు దగ్గర మా మావయ్య కొబ్బరితోటలో 1966 స్టాండర్డ్ హెరాల్డ్ ఒకటి పాకలో ఉంది. మద్రాసులో తయారైన రెండు డోర్ల బండి. ఇంజను స్టార్టవ్వదు గానీ బిగుసుకుపోలేదు, ఫ్యాను పట్టుకుని తిప్పితే కదులుతోంది. ఆర్సీ ఇప్పటికీ తాతయ్య పేరు మీదే ఉంది.

నాకు చిన్నప్పట్నించీ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే ఇంగ్లాండు రెండు సీట్ల స్పోర్ట్స్ కారంటే ప్రాణం, అందులోనూ 1962లో వచ్చిన మొదటి మోడలు. హెరాల్డ్‌కీ దానికీ బొమ్మ గీసింది ఒక్కడే, ఇటలీ మికెలోట్టి. ఛాసిస్ (బండి కింది ఇనప చట్రం) కూడా హెరాల్డ్‌దే, మార్చి వాడారు. హెరాల్డ్ వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, 91.5 అంగుళాలు, స్పిట్‌ఫైర్‌ది 83. అంటే మధ్యలో ఎనిమిదిన్నర అంగుళాలు తీసేసి అతికితే లెక్క సరిపోతుంది. బాడీ ఫైబర్‌తో. మా బావ అంతర్వేది వైపు ఫైబర్ పడవలు చేస్తాడు, మోల్డు పని బాగా వచ్చు.

చూసినవాళ్ళు అసలు బండే అనుకోవాలి, నాకు కావాల్సింది అదీ. అడిగేవి మూడు. ఛాసిస్ కోస్తే బలం నిలుస్తుందా? ఆ ఆర్సీతోనే తిప్పుకోవచ్చా? ఫైబర్ ఎంత మందం వేయాలి?

పాలకొల్లు_పినియన్

కొయ్యకు. ముందు ఫోటోలు పెట్టు, తర్వాత మాట్లాడదాం. ఈ వైపు మిగిలిన హెరాల్డ్‌లు ఎన్నని?

భీమవరం_బుల్లోడు

పాకలో చెదలు పట్టేదాన్ని కోస్తే తప్పేంటండీ? కనీసం రోడ్డెక్కుతుంది. కొయ్యి తమ్ముడూ, మేమంతా చూడ్డానికొస్తాం.

ఆర్సీ_పుస్తకం

రెండో ప్రశ్నకి నేను చెప్తాను, ఆర్టీఏ ఆఫీసు పనులు చేసి చేసి ఉన్నవాణ్ణి.

మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షను చూడండి. కంపెనీ ఏ స్పెసిఫికేషనుతో ఇచ్చిందో ఆర్సీలో అదే ఉంటుంది, దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మీరు చేద్దామనుకున్నది రంగు మార్చడం కాదు. ఛాసిస్ పొట్టి అవుతుంది, బాడీ మొత్తం వేరేది అవుతుంది. ఆ ఆర్సీ ఇక ఆ బండిది కాదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట అడిగేదీ అదే.

పోనీ కొత్త బండిగా రిజిస్టర్ చేయిద్దామంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వది ఉంది. నమూనా బండిని పూణేలోని ఏఆర్ఏఐ (వాహనాలు పరీక్షించే సంస్థ) లాంటి చోట పరీక్షకి పెట్టి సర్టిఫికెట్ తేవాలి. అది కంపెనీలు పడే పాటు, తోటలో ఒక్క బండి కట్టుకునేవాడికి అయ్యే పని కాదు.

మీరు గమనించాల్సింది ఇంకోటుంది. 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలున్న నెంబరిస్తారు. కొత్తగా అయితే ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. మీ 1966 హెరాల్డ్‌కి ఆ అర్హత ఇవాళ ఉంది. రంపం పెట్టిన రోజున పోతుంది, మళ్ళీ రాదు.

భీమవరం_బుల్లోడు

లంక రోడ్ల మీద ఎవడు చూస్తాడండీ ఇవన్నీ. ఛాసిస్ నెంబరున్న ముక్క కోసి కొత్త ఛాసిస్‌కి అతికేస్తే సరి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు టేపు పట్టుకొచ్చి వీల్‌బేస్ కొలుస్తారా ఏంటి?

ఆర్సీ_పుస్తకం

బుల్లోడు గారూ, ఈ సలహా ఇక్కడ వద్దు. ఛాసిస్ నెంబరు ముక్క మార్చడం దొంగబండ్ల వాళ్ళు చేసే పని. పట్టుబడితే బండి స్టేషను ఆవరణలో వానకి తడుస్తుంది, కుర్రాడు కోర్టు చుట్టూ తిరుగుతాడు. మాకు తెలిసినాయన జీపు ఇలాగే ఎక్కడో బాడీ కట్టించుకుని, అమ్మబోతే కొన్నవాడి పేరు మీదికి మారక ఇప్పటికీ అవస్థ పడుతున్నాడు. కట్టినవాడు మాత్రం డబ్బు పుచ్చుకుని చేతులు దులిపేసుకున్నాడు.

ఆటోనగర్_మేస్త్రి

చట్టం సంగతి పక్కనపెట్టి మొదటి ప్రశ్నకొస్తా. బెజవాడ ఆటోనగర్లో ఛాసిస్‌లు చాలా పొడిగించాం, చాలా పొట్టి చేశాం, అవన్నీ లారీలవి. హెరాల్డ్‌ది వేరు.

హెరాల్డ్‌కి నడుమ రెండు రైళ్ళు (పొడుగు ఇనప దూలాలు), వాటి నుంచి పక్కలకి చేతులు, ఆ చేతుల చివర అంచు పట్టీలు. బాడీ బరువు ఆ అంచుల మీద కూర్చుంటుంది. స్పిట్‌ఫైర్‌లో ఆ అంచు పట్టీలు లేవు. నడుమ వెన్నెముక ఒక్కటే. మరి బలం ఎక్కణ్ణించి వస్తుంది? డోరు కింద గుమ్మం ఉంది చూడు, ఆ రేకు డబ్బాల నుంచి. వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కీ కదలకుండా ఆపే రాడ్డు కూడా బాడీకే బిగుస్తుంది. అంటే స్పిట్‌ఫైర్ ఉక్కు బాడీ సగం ఛాసిస్ పని చేస్తోంది.

నువ్వు ఆ ఛాసిస్ పెట్టి పైన ఫైబర్ బాడీ వేశావనుకో, గుమ్మంలో ఉక్కు లేదు. గతుకులో పడితే డోరు తెరుచుకోదు, తెరిస్తే మూసుకోదు. కాబట్టి కోసి అతికిన చోటు నిలుస్తుందా అని కాదు నువ్వడగాల్సింది. పైన ఏం వేస్తున్నావు, బరువు ఎటు దిగుతుంది, అది చూసుకో.

ఇంకోటి, ఉప్పుగాలికి ఆ పక్క చేతులు ముందు పోతాయి. సుత్తితో మెల్లగా కొట్టి చూడు, పొడి రాలుతోందా?

వైనతేయ_రేవు

కొట్టి చూశా మేస్త్రి గారూ. కుడివైపు వెనక చెయ్యి చిల్లు పడింది, అంచు పట్టీ పొరలు పొరలుగా ఊడుతోంది. నడుమ రైళ్ళు మాత్రం ఖంగుమంటున్నాయి. పినియన్ గారు అడిగిన ఫోటోలు పెట్టాను. బానెట్టు మొత్తం ముందుకి లేస్తోంది ఇప్పటికీ, రెండు పక్కల కొక్కేలూ ఉన్నాయి.

పాలకొల్లు_పినియన్

ఫోటోలు చూశాక ఇంకా గట్టిగా చెప్తున్నా, కొయ్యకు. డ్యాష్‌బోర్డు కర్ర కూడా ఉంది! పక్క చేతులంటే రేకు మడిచి చేసిన డబ్బాలే, మన రాజమండ్రిలో ఏ ఫ్యాబ్రికేషన్ షాపైనా చేసి ఇస్తుంది. ఆ బండి లేచి నిలబడుతుంది.

గట్టుమీద_డాక్టరు

మా నాన్నగారు హెరాల్డ్ వాడేవారు. పల్లెల్లో రోగుల్ని చూడ్డానికి వెళ్ళేవారు, కాలవ గట్టు దాటితే బండి తిప్పుకోవడానికి చోటుండదు కదా. హెరాల్డ్ 25 అడుగుల వలయంలో తిరిగేస్తుంది. ముందు చక్రాలు అడ్డంగా తిరిగిపోయినట్టు ఉండేవి. అంబాసిడర్ వాళ్ళు వెనక్కీ ముందుకీ కుస్తీ పడుతుంటే ఈయన ఒక్క చుట్టులో వచ్చేసేవారు. బానెట్టు ఎత్తి టైరు మీద కూర్చుని ప్లగ్గులు తుడుచుకునేవారు.

దాన్ని కోసి ఇంకో బండి నకలు చేయడం నాకు మనసొప్పదు. నకలు కొత్త ఇనుముతో చేసుకోవచ్చు. హెరాల్డ్ మళ్ళీ ఎవరు చేస్తారు?

భీమవరం_బుల్లోడు

డాక్టరు గారు అలా అంటే నేను కూడా తగ్గుతున్నా. మరి స్పిట్‌ఫైర్ ఎలాగ?

యానాం_బాబు

అసలు స్పిట్‌ఫైర్ ఎందుకండీ, కోబ్రా కట్టండి. 427 ఏసీ కోబ్రా. ప్రపంచంలో అందరూ కట్టేది అదే. అన్ని రకాల కోబ్రాలూ కలిపి అసలువి దాదాపు వెయ్యి, నకళ్ళకి లెక్కే లేదు. మడ్‌గార్డులు ఉబ్బి ఎంత దర్జాగా ఉంటుందో.

ఆటోనగర్_మేస్త్రి

యానాం బాబూ, 427 అంటే ఏడు లీటర్ల వీ8. దాన్ని మన దగ్గర ఎక్కడ తెస్తావు? కోబ్రా బాడీలో మారుతి ఇంజను పెట్టి స్టార్ట్ చేస్తే ఊరంతా నవ్వుతారు. స్పిట్‌ఫైర్ అయితే 1147 సీసీ, 63 హార్స్‌పవర్. మనకి దొరికే ఇంజన్ల కొలతే అది. నకలు నమ్మించాలంటే చప్పుడు కూడా దగ్గరగా ఉండాలి.

యానాం_బాబు

ఒప్పుకున్నా. కానీ పండక్కి ప్రభల తీర్థంలో కోబ్రా నిలబెడితే ఉంటుందీ...

ఆర్సీ_పుస్తకం

లారీ ఎక్కించి తీసుకెళ్ళి నిలబెట్టండి బాబూ, అభ్యంతరం లేదు.

డెల్టా_డ్రాఫ్టింగ్

కాకినాడలో మెకానికల్ డ్రాయింగ్ పని చేస్తాను. “అసలు బండే అనుకోవాలి” అన్నారు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు తెలిసినంతలో నకళ్ళు దొరికిపోయేది వంపుల దగ్గర కాదు, అతుకుల దగ్గర.

మొదటి స్పిట్‌ఫైర్‌కి ముందు మడ్‌గార్డుల పైన, హెడ్‌లైటు వెనక నుంచి ముందు అద్దం దాకా ఒక అతుకు గీత పోతుంది, దాని మీద సన్నటి పట్టీ. వెనక మడ్‌గార్డుల మీదా ఉంటుంది. రేకు ముక్కలు కలిసే చోటు అది. 1970లో వచ్చిన నాలుగో మోడలుకి ముందు అతుకు తీసేశారు. ఫైబర్‌లో ఆ గీత అవసరం లేదు కాబట్టి చాలామంది నున్నగా పోసేస్తారు. దూరం నుంచి బానే ఉంటుంది, దగ్గరికొస్తే సబ్బుబిళ్ళ. మోల్డులోనే ఆ అతుకు రావాలి, తర్వాత పట్టీ విడిగా బిగించాలి.

ఇంకొన్ని: మీటర్లు డ్రైవరు ముందు కాదు, డ్యాష్‌బోర్డు మధ్యలో. పెట్రోలు మూత వెనక డిక్కీకి ముందు, సరిగ్గా నడుమ. అద్దం ఫ్రేము విడిగా బోల్టులతో బిగుస్తుంది. రిమ్ములు 13 అంగుళాలవి, సన్నటివి. ఎవరో ఒకరు వచ్చి 15 అంగుళాల అలాయ్‌లు వేయమంటారు, వినకండి.

ఇక మాదిరి ఎలా చేయాలంటే, మీ బావగారు పడవకి చేసేదే. మొత్తం పొడవు 3683 మిల్లీమీటర్లు, వెడల్పు 1448. అడ్డకోతలు గీసుకుని ప్లైవుడ్‌లో కోయండి, పడవ పక్కటెముకల్లా వరసగా నిలబెట్టండి, పైన సన్నటి కర్రబద్దలు వేయండి. తాళ్ళరేవు, కోరంగి వడ్రంగుల్లో ఒక పెద్దాయన్ని పిలవండి. పొడుగు బద్ద ఒకటి వంపు మీద ఆనించి ఎక్కడ లేస్తోందో, ఎక్కడ తగులుతోందో కన్నుతో చెప్పేస్తారు. కంప్యూటర్లో నేను గీసి ఇచ్చినా ఆ బద్ద పరీక్ష తప్పదు. ముందు ఒక పక్కే పూర్తిచేసి, రెండో పక్క దాన్ని కొలిచి చేయండి.

టింకర్_బాబ్జీ

ఫైబర్ ఎందుకసలు? 20 గేజి సీఆర్ షీటు తెచ్చి కొట్టించు. రేకు బండికి రేకే అందం. డోరు వేస్తే వచ్చే చప్పుడే వేరు. ఫైబర్ డోరు వేస్తే ప్లాస్టిక్ బకెట్టు మోత.

డెల్టా_డ్రాఫ్టింగ్

బాబ్జీ గారు, ముందు మడ్‌గార్డుది రెండు వైపులా వంగే వంపు. దాన్ని రేకులో కొట్టే చేతులు ఇప్పుడెన్ని ఉన్నాయి? పుట్టీ మందంగా పట్టించి నున్న చేస్తే అది రేకు బండి కాదు, పుట్టీ బండి. పైగా మన గాలికి...

టింకర్_బాబ్జీ

చేతులు ఉన్నాయమ్మా, పని ఇచ్చేవాళ్ళు లేరు. డోర్లు, డిక్కీ మూత అయినా రేకుతో చేయించండి, అవి చదును. మూలలకి సీసం పోసి నున్న చేస్తా, లప్పం ముట్టుకోను.

గట్టుమీద_డాక్టరు

సీసం పొగ మంచిది కాదు బాబ్జీ. బయట గాలిలో, ముక్కుకి మాస్కు పెట్టుకుని చెయ్యి, తిండికి ముందు చేతులు కడుక్కో.

ఉప్పుగాలి

ఫైబర్ మీద నమ్మకం లేనివాళ్ళకి: బెంగళూరు సిపానీ డాల్ఫిన్ ఫైబర్ బాడీదే, 848 సీసీ, వెనక చక్రాల డ్రైవు. మా చిన్నాన్న దగ్గరుండేది. సముద్రం ఒడ్డు ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉన్నా బాడీకి తుప్పన్న మాట లేదు.

మూడో ప్రశ్న నాకొదిలేయండి, పడవలే కాదు ట్యాంకులూ చేస్తాం. మీ బావకి అలవాటు కొద్దీ మందంగా వేయాలనిపిస్తుంది, పడవ ఒడ్డున రాసుకోవాలి కాబట్టి. కారుకి అంత వద్దు. జెల్‌కోటు (బయటికి కనపడే నున్నటి పొర) అర మిల్లీమీటరు, అంతకన్నా మందమైతే పగుళ్ళు. దాని వెనక సన్నటి టిష్యూ ఒక పొర. తర్వాత 450 గ్రాముల మ్యాట్ (గాజు పోగుల చాప) మూడు పొరలు, మూడు మిల్లీమీటర్ల చిల్లర వస్తుంది. టిష్యూ మానేస్తే ఎండలో పెట్టిన కొన్నాళ్ళకి మ్యాట్ పోగులు పెయింటు మీదికి అచ్చు పడతాయి. ముదురు రంగైతే మరీను. మ్యాట్ బరువుకి రెండున్నర రెట్లు రెజిన్, రోలరుతో బుడగలన్నీ తీసెయ్యాలి. మోల్డు మాత్రం దీనికి రెట్టింపు మందం చెయ్యాలి, లేకపోతే వంపు తిరుగుతుంది.

అతుక్కునే చోట్ల, డోరు కీళ్ళ దగ్గర, బానెట్టు కీళ్ళ దగ్గర పొరల మధ్య ఇనప ప్లేటు పెట్టి పోయండి. వట్టి ఫైబర్‌కి బోల్టు వేస్తే చిల్లు పెద్దదవుతూ పోతుంది.

కాలం ముఖ్యం. తుఫాన్ల రోజుల్లో మొదలుపెట్టకండి. ధనుర్మాసం నుంచి శివరాత్రి దాకా మంచి అదను. అప్పుడు కూడా పొద్దున్నే మంచు ఉంటుంది, మోల్డు మీద చెయ్యి పెడితే తడి తగులుతుంది. పది దాటి ఎండ పడ్డాకే జెల్‌కోటు. మ్యాట్ చుట్టలు వంటింటి అటక మీద పెట్టుకున్నా పర్లేదు, చెమ్మ మాత్రం తగలకూడదు.

ప్రాణానికి సంబంధించింది ఒకటి. రెజిన్‌ని గట్టిపరచడానికి వేసే కోబాల్టు, హార్డెనరు ఈ రెంటినీ నేరుగా కలపకూడదు, భగ్గుమంటుంది. ముందు కోబాల్టు రెజిన్‌లో బాగా కలిపెయ్యి, తర్వాతే హార్డెనరు, నూటికి ఒకటి నుంచి రెండు పాళ్ళు. మీ బావకి తెలుసు, పక్కన సాయం చేసే కుర్రాళ్ళకి చెప్పు.

వైనతేయ_రేవు

బావకి చదివి వినిపించా. టిష్యూ మాట కొత్తగా ఉందన్నాడు, మిగతాదంతా తలూపాడు.

మావయ్యతోనూ మాట్లాడా. కొయ్యడం అన్న మాట వినగానే తాళం జేబులో వేసుకున్నాడు. తాతయ్య దానిలోనే నరసాపురం పంటు దాటి అత్తమ్మని కాపరానికి తెచ్చాడట. కాబట్టి హెరాల్డ్ హెరాల్డ్‌గానే ఉంటుంది, పక్క చేతులు చేయించి లేపుదాం. ఆర్సీ_పుస్తకం గారూ, తాతయ్య పేరు మీద నుంచి ఎలా మార్చాలో విడిగా అడుగుతా.

స్పిట్‌ఫైర్ మాత్రం వదల్లేదు. కొత్త ఛాసిస్, కొత్త బాడీ. ఆర్సీ లేకుండా ఎక్కడ నడపొచ్చు? ఇంజను, యాక్సిల్ ఏవి?

ఆర్సీ_పుస్తకం

మీ తోటలో, మీ కంచె లోపల. జనానికి వచ్చిపోయే హక్కున్న చోటు ఏదైనా పబ్లిక్ ప్లేసే, పంచాయతీ రోడ్డూ, కాలవ గట్టూ, పంటు రేవూ అన్నీ. ప్రదర్శనకి లారీ మీద. ట్రయంఫ్ పేరు ఇవాళ బీఎండబ్ల్యూ వాళ్ళ చేతిలో ఉంది, మీ ఇంట్లో బొమ్మగా పెట్టుకున్నంత వరకూ సరే, ఆ పేరుతో అమ్మకానికి మాత్రం దిగకండి. లోపల ఎక్కడో “నకలు, ఫలానా ఏడు కట్టింది” అని ప్లేటు కొట్టించండి. రేపు మీ తర్వాత దాన్ని ఎవరూ అసలని చెప్పి ఇంకొకరిని ముంచకుండా ఉంటారు.

భీమవరం_బుల్లోడు

ఆ ప్లేటు ఖర్చు నాది. ఇత్తడిది చేయిస్తా.

ఆటోనగర్_మేస్త్రి

ఇంజను: పాత జిప్సీ 1300, కార్బొరేటరుది. 60 హార్స్‌పవర్, అల్యూమినియం బ్లాకు, తేలిక. గేరుబాక్సు నిలువుగా వస్తుంది, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె) విడిగా ఉంటుంది కాబట్టి దాన్ని తీసేసి జాయింట్ షాఫ్టు నేరుగా వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. జిప్సీ యాక్సిల్ మాత్రం వద్దు, వెడల్పు ఎక్కువ, రిమ్ముకి ఐదు బోల్టులు, చక్రాలు మడ్‌గార్డు బయటికొచ్చేస్తాయి.

ఛాసిస్ కొత్తగా కడుతున్నావు కాబట్టి గుమ్మంలో చతురస్రపు ట్యూబు రెండు వైపులా పెట్టు, ముందూ వెనకా అడ్డాలతో కలుపు. ఫైబర్ దాని మీద ఊరికే కూర్చుంటుంది. సీఓటూ వెల్డింగు చాలు, కానీ జిగ్గు (ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచే చట్రం) లేకుండా అతకొద్దు, చల్లారేటప్పుడు లాగేస్తుంది. ట్యూబు లోపల మైనం కొట్టించు.

పాలకొల్లు_పినియన్

వెనక యాక్సిల్ ప్రీమియర్ పద్మినిది. ఇరుకు బండి, కమాను కట్టల మీద ఉంటుంది. ముందు విష్‌బోన్లు (చక్రాన్ని పట్టి ఉంచే చేతులు) కూడా దానివే తీసుకోవచ్చు. అసలు స్పిట్‌ఫైర్‌కి వెనక స్వింగ్ యాక్సిల్, మలుపులో గట్టిగా బ్రేకేస్తే చక్రం లోపలికి ముడుచుకునేది. ఆ ఒక్కటీ నకలు చెయ్యక్కర్లేదు.

డెల్టా_డ్రాఫ్టింగ్

పద్మిని రిమ్ము 14 అంగుళాలు. 13కి దిగాలంటే డ్రమ్ము తగలకుండా లోపల ఖాళీ ఉందో లేదో ముందు చూడాలి. టైరు 145/80 ఆర్13 అయితే ఆ పాత నాజూకు వస్తుంది.

ఉప్పుగాలి

సీట్లకి కోనసీమ పీచు వాడండి. పాత బీటిల్ సీట్లలో రబ్బరు కలిపిన కొబ్బరిపీచు దిమ్మలే ఉండేవి. తోటలో సరుకు, తోటలో బండి.

యానాం_బాబు

సీట్లు నేను కుట్టిస్తా. కోబ్రా మీద మళ్ళీ మాట్లాడను.

వైనతేయ_రేవు

పద్మిని యాక్సిల్ ఒకటి తణుకులో ఉందన్నారు, ఆదివారం వెళ్తున్నా. అక్కడ ఏం చూడాలి?

పాలకొల్లు_పినియన్

హౌసింగ్ వంగిందేమో దారం కట్టి చూడు. మూత విప్పించి లోపలి గేర్లు, అదే క్రౌన్, పినియన్ పళ్ళు అరిగాయేమో చూడు, ఆయిల్లో వెండి పొడి మెరుస్తుంటే వద్దు. డ్రమ్ము నుంచి డ్రమ్ముకి వెడల్పు మూడు చోట్ల కొలిచి ఇక్కడ పెట్టు. టేపుతో పాటు ఒక 13 రిమ్ము కూడా పట్టుకెళ్ళు, డ్రమ్ము మీదకి పట్టి చూడ్డానికి.

డెల్టా_డ్రాఫ్టింగ్

కొలతలు పెట్టగానే వెనక మడ్‌గార్డు అడ్డకోత గీసి పంపిస్తా. అంతవరకూ ప్లైవుడ్ కోయించకండి.